నయాగరా దాటితే... మరో కెనడా!

'అబ్బాయి దగ్గరికి టొరంటో వెళ్లొచ్చాం' అన్నవాళ్లని అక్కడేం చూశారో అడిగి చూడండి. ముందుగా వచ్చే జవాబు నయాగరా. ఆ తర్వాత సీఎన్ టవర్, ఓ గుడి, రెండు పెద్ద మాల్స్, మంచులో స్వెట్టర్లు వేసుకుని దిగిన ఓ ఫొటో. కెనడా అక్కడితో అయిపోతుంది. నిజానికి మొదలయ్యేది అక్కడే! తెల్ల ఎలుగుబంట్లు వీధుల్లోకి వచ్చే ఊరు, వేలకు వేల పాములు ఒక్కసారే బయటికొచ్చే బిలాలు, ఒంటినిండా చుక్కలున్న చెరువు, చెట్లకు బదులు ఊరిపేర్లు మొలిచిన అడవి, రోజుకు రెండుసార్లు సముద్రం పక్కకు తప్పుకుని దారిచ్చే తీరం... పటంలో వేలుపెట్టి వెతికితేగానీ దొరకని చోట్లు ఎన్నో అక్కడ. వాటి వెనకున్న కథలు మరెన్నో!

రష్యా తర్వాత ప్రపంచంలో అతి పెద్ద దేశం కెనడా. వైశాల్యం దాదాపు కోటి చదరపు కిలోమీటర్లు. మన దేశంలాంటివి మూడు అందులో పట్టేస్తాయి. జనాభా మాత్రం నాలుగు కోట్ల పైచిలుకే. మన రెండు తెలుగు రాష్ట్రాల జనంలో సగం కన్నా తక్కువ! వాళ్లలోనూ ఎక్కువమంది అమెరికా సరిహద్దుకు దగ్గర్లోనే సర్దుకున్నారు. మిగిలిందంతా అడవులు, సరస్సులు, మంచు మైదానాలు.

ఇంత ఖాళీ నేల ఉన్నచోట ఎవరికైనా చోటుకు కొదవేముంటుంది అనుకుంటాం. కానీ ఉష్ణోగ్రత సున్నాకి ముప్ఫై, నలభై డిగ్రీల కిందికి పడిపోయేచోట ఖాళీ నేల ఎవరికీ అక్కరకు రాదు. ఎవరో ఒకరు తలుపు తీయాలి. మనిషికైనా, మృగానికైనా అంతే. అలా తలుపు తీసిన ఊళ్లనీ, ఒకనాడు తీయకుండా ఉండిపోయిన ఓ రేవునీ... పడమటి నుంచి తూర్పుకి ఒక్కొక్కటే చూసొద్దాం పదండి.

రేవులో ఆగిన ఓడ

పసిఫిక్ తీరంలోని వాంకూవర్ పేరు తెలియనివాళ్లు తక్కువే. వెనక మంచుకొండలు, ముందు నీలిసముద్రం. సాయంత్రమైతే కోల్ హార్బర్ ఒడ్డున నడవడానికి జనం బారులు తీరతారు. అలా నడిచే దారిలోనే ఓ స్మారకం ఉంది. దాని గురించి తెలిసిన పర్యటకులు కొద్దిమందే. అది మనవాళ్ల కథ.

1914 మే 23న 'కొమగట మారు' అనే జపాన్ ఓడ ఈ రేవులోకి వచ్చింది. అందులో ఉన్నవాళ్లు 376 మంది. అందరూ భారతీయులే. ఎక్కువమంది పంజాబ్ నుంచి వచ్చిన సిక్కులు. కొద్దిమంది ముస్లింలు, హిందువులు. గుర్దిత్ సింగ్ అనే వ్యాపారి హాంకాంగ్‌లో ఆ ఓడను అద్దెకు తీసుకుని వీళ్లందరినీ ఎక్కించుకొచ్చాడు. అప్పుడు మనదీ, కెనడాదీ ఒకటే బ్రిటిష్ సామ్రాజ్యం. ఆ సామ్రాజ్యంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు తమకూ ఉందన్నది వాళ్ల నమ్మకం.

రేవులో వాళ్లకు ఎదురైంది ఓ తిరకాసు నిబంధన. కెనడాకు వచ్చేవాళ్లు సొంత దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలట! భారత్ నుంచి నేరుగా వచ్చే ఓడ ఆ రోజుల్లో లేనే లేదు. వాళ్లను రానివ్వకూడదనే అలాంటి నిబంధన పెట్టారు. అంతకుముందే కెనడాలో ఉండి తిరిగొచ్చిన ఇరవై పైచిలుకు మందిని మాత్రం దిగనిచ్చారు. మిగిలినవాళ్లు ఒడ్డు కనిపిస్తున్నా దిగలేక రెండు నెలలు ఓడలోనే ఉండిపోయారు. తిండికీ, మంచినీళ్లకూ కటకట. అప్పటికే వాంకూవర్‌లో స్థిరపడ్డ భారతీయులు చందాలు వేసుకుని కోర్టులో పోరాడారు. ఫలితం లేకపోయింది. చివరికి యుద్ధనౌకను తెచ్చి పక్కన నిలబెట్టి మరీ జులై 23న ఓడను వెనక్కి పంపేశారు.

సెప్టెంబరు ఆఖరులో అది కలకత్తా దగ్గరి బజ్‌బజ్ చేరింది. అక్కడ బ్రిటిష్ పోలీసులతో ఘర్షణ జరిగింది. కాల్పుల్లో ఇరవై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎక్కడో దూరదేశంలో మూసుకున్న తలుపు, సొంతగడ్డ మీద నెత్తురు చిందించింది. నూటరెండేళ్ల తర్వాత, 2016 మే 18న అప్పటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో నిలబడి ఆ తప్పుకు క్షమాపణ చెప్పారు.

ఏటా మన పిల్లలెందరో చదువుకోవడానికి విమానం దిగే దేశమే ఇది. వాంకూవర్ వెళ్లినప్పుడు ఆ ఒడ్డున ఓ పది నిమిషాలు ఆగితే ఈ దారి ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

చుక్కల చెరువు

వాంకూవర్ నుంచి తూర్పుగా రోడ్డుమీద 400 కిలోమీటర్లు వెళితే ఒసోయూస్ వస్తుంది. కెనడా అంటే చలే అనుకునేవాళ్లు ఇక్కడి ఎండాకాలం చూడాలి. ద్రాక్షతోటలు, పొడినేల, చురుక్కుమనే ఎండ. దేశంలో బాగా వేడెక్కే చోట్లలో ఇదొకటి. ఆ ఊరికి కాస్త ముందే రోడ్డుపక్కన కార్లు ఆగి ఉంటాయి. అందరూ దిగి ఓ చెరువును చూస్తుంటారు.

చూడకుండా ఎలా ఉంటారు? ఆ చెరువంతా చుక్కలే! పెద్ద చిత్రకారుడెవరో తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు పసుపు, ఆకుపచ్చ, నీలి రంగుల గుండ్రటి మడుగులు. మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం, సోడియం లవణాలు ఈ నీళ్లలో చాలా ఎక్కువ. ఎండలు ముదిరేకొద్దీ నీరు ఆవిరై, లవణాలు గట్టిపడి గట్లలా తేలతాయి. గట్ల మధ్య మిగిలిన నీళ్లే ఆ చుక్కలు. ఒక్కో మడుగులో ఒక్కోపాళ్లలో లవణాలుంటాయి కాబట్టి ఒక్కోదానిదీ ఒక్కో రంగు.

ఈ చెరువును ఇక్కడి ఒకనగన్ ఆదివాసులు క్లిలుక్ అంటారు. వాళ్లకిది పవిత్రమైన వైద్యశాల. ఇందులోని నీరూ, బురదా నొప్పుల్నీ పుండ్లనీ మాన్పుతాయని నమ్మకం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మాత్రం ఇక్కడి లవణాలను మందుగుండు తయారీకి తవ్వుకుపోయారు. తర్వాత చాలాకాలం ఇది ఓ కుటుంబం చేతిలో ఉంది. ఇక్కడో ఆరోగ్యస్నానాల కేంద్రం కట్టాలన్న ఆలోచన కూడా జరిగింది. ఆదివాసులు పట్టు విడవలేదు. చివరికి 2001లో ప్రభుత్వ సాయంతో ఆ నేలను కొనుక్కున్నారు. తరతరాలుగా తమదైన చెరువును డబ్బిచ్చి తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చిందన్నమాట!

ఇప్పుడు చుట్టూ కంచె ఉంది. రోడ్డుమీది నుంచే చూడాలి. దిగి నీళ్లలో కాళ్లు పెట్టాలనిపించినా ఆ కోరికను కంచె దగ్గరే ఆపుకోవాలి. గుళ్లోకి చెప్పులతో వెళ్లం కదా... ఇదీ అంతే. జులై నుంచి సెప్టెంబరు దాకా చుక్కలు బాగా కనిపిస్తాయి.

ఊరిపేర్ల అడవి

ఇక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే ఊళ్లు తగ్గిపోతాయి. గంటలకొద్దీ అడవే అడవి. అలాస్కా హైవే మీద యూకాన్ ప్రాంతంలోకి అడుగుపెట్టాక వచ్చే చిన్న ఊరు వాట్సన్ లేక్. అక్కడ అడవి మధ్యలో మరో అడవి ఉంటుంది. చెట్లకు బదులు స్తంభాలు. ఆకులకు బదులు ఊరిపేర్ల బోర్డులు. కార్ల నంబరు ప్లేట్లు, వీధుల పేర్లు, ఇంటిముందు తగిలించే పలకలు, ఆఖరికి వంటింటి పళ్లాల మీద రాసిన పేర్లు కూడా. మొత్తం 80 వేలకు పైనే!

ఇదంతా ఒక్క కుర్రాడికి ఇల్లు గుర్తుకు రావడంతో మొదలైంది. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేయడంతో అలాస్కాకు హడావుడిగా రోడ్డు వేయాల్సిన అవసరం పడింది అమెరికాకు. 1942లో వేలమంది సైనికులు బురదలో, దోమల్లో, గడ్డకట్టే చలిలో పనిచేసి దాదాపు 2,400 కిలోమీటర్ల దారిని ఎనిమిది నెలల్లో వేసేశారు. అందులో ఒకడు కార్ల్ లిండ్లీ. దెబ్బ తగిలి కోలుకుంటున్న అతనికి, కష్టం లేని పనిగా, దారిచూపే బోర్డులను బాగుచేసే పని అప్పగించారు. బోర్డుల మీద దగ్గరి ఊళ్ల దూరాలు రాస్తూ రాస్తూ అతను పక్కనే ఇంకో పలక కొట్టాడు. దానిమీద రాసింది తన సొంతూరు పేరు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలోని డాన్‌విల్. అక్కడికెంత దూరమో కూడా రాశాడు.

అది చూసి మరొకరు తమ ఊరిపేరు తగిలించారు. యుద్ధం అయిపోయింది. సైనికులు వెళ్లిపోయారు. బోర్డులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇటు వెళ్లే ప్రయాణికులు ఇంటి దగ్గరే పలక సిద్ధం చేసుకుని మరీ వస్తారు. స్తంభాలు నిండిపోతే ఊరివాళ్లు కొత్తవి పాతుతారు. ఎవరినీ వద్దనరు. మేకు, సుత్తి మీవైతే చాలు. పాలకొల్లు అయినా, పాల్వంచ అయినా... ఏ ఊరి పేరుకైనా అక్కడ చోటుంది!

నేల కింద ఫ్రిజ్

ఇంకా ఉత్తరానికి, ఇక రోడ్డు అయిపోయే దాకా వెళ్లాలి. ఆ చివర ఆర్కిటిక్ మహాసముద్రం ఒడ్డున ఉంటుంది తుక్తోయాక్తుక్. పేరు పలకడానికి నాలుక మడతపడుతుందని అందరూ 'తుక్' అనేస్తారు. జనాభా వెయ్యిలోపే. ఇనూయిట్‌లలో ఒక శాఖ అయిన ఇనువియాలుయిత్ ప్రజల ఊరిది. 2017 నవంబరు దాకా ఏడాది పొడవునా నడిచే రోడ్డు ఈ ఊరికి లేదు. చలికాలంలో నదీ సముద్రమూ గడ్డకడితే ఆ మంచుమీదే కార్లు, లారీలు నడిచేవి. కరిగిందా... విమానమో పడవో దిక్కు. ఇప్పుడు ఇనువిక్ నుంచి 138 కిలోమీటర్ల కంకరరోడ్డు ఉంది. వేసవిలో వెళితే అర్ధరాత్రి కూడా సూర్యుణ్ని చూడొచ్చు.

తుక్ చుట్టూ చదునైన నేలమీద అక్కడక్కడా గుట్టలు లేచి ఉంటాయి. వాటిని పింగోలంటారు. ఈ ప్రాంతంలో 1,300కు పైగా ఉన్నాయి. మామూలు గుట్టల్లో రాయి ఉంటుంది. వీటి కడుపులో ఉండేది మంచు! చెరువులో నీరు పోయాక అడుగునున్న తడినేల నెమ్మదిగా గడ్డకడుతుంది. నీరు మంచుగా మారితే ఉబ్బుతుంది కదా. ఆ ఒత్తిడికి పైనున్న మట్టి పూరీలా పొంగుతుంది. అలా పొంగిన ఇబ్యుక్ పింగో ఎత్తు 49 మీటర్లు. కెనడాలో ఇదే అన్నిటికన్నా ఎత్తయినది.

ఇక్కడ కొద్దిలోతు తవ్వితే ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల తగులుతుంది. దాన్నే ఊరివాళ్లు ఉమ్మడి ఫ్రిజ్‌గా మార్చుకున్నారు. తొమ్మిది మీటర్ల లోతున సొరంగం తవ్వి, గదులు చేసి, వేటాడి తెచ్చిన చేపల్నీ మాంసాన్నీ దాచుకునేవారు. కరెంటు బిల్లు లేదు!

అయితే ఆ నేలే ఇప్పుడు భయపెడుతోంది. వాతావరణం వేడెక్కుతుండటంతో నేలలోని మంచు కరుగుతోంది. ఒడ్డును కాపాడే సముద్రపు మంచు తగ్గి, అలలు నేరుగా తీరాన్ని కోసేస్తున్నాయి. సముద్రానికి మరీ దగ్గరగా ఉన్న కొన్ని ఇళ్లను 2020లో కదిలించి ఊరి లోపలికి తరలించారు. ఇల్లు ఖాళీ చేయడం మనకు తెలుసు. ఇంటినే తీసుకెళ్లిపోవడం తుక్‌లో తెలిసింది. చలిని నమ్ముకుని తరాలు బతికినవాళ్లు ఇప్పుడు ఆ చలి తగ్గిపోతోందని దిగులుపడుతున్నారు.

ఎలుగుబంటికో జైలు

చలి తగ్గితే ఇబ్బందిపడేది మనుషులే కాదని చర్చిల్ వెళితే తెలుస్తుంది. మానిటోబా రాష్ట్రంలో, హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊరి జనాభా 2021 లెక్కల ప్రకారం 870. ఇక్కడికి రోడ్డు లేదు. విన్నిపెగ్ నుంచి విమానంలో రావాలి. లేదంటే రెండు రోజులు రైల్లో కూర్చోవాలి. 2017లో వరదలకు పట్టాలు కొట్టుకుపోతే ఏడాదిన్నర పాటు ఆ రైలూ లేదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ ఊరి చుట్టూ ధ్రువపు ఎలుగుబంట్లు చేరతాయి. వాటి ఆహారం సీల్. దాన్ని వేటాడాలంటే సముద్రం గడ్డకట్టాలి. వేసవిలో మంచు కరిగినప్పుడు ఒడ్డెక్కిన ఎలుగులు నెలల తరబడి ఆకలితో ఉంటాయి. అఖాతం మళ్లీ ఎప్పుడు గడ్డకడుతుందా అని తీరం వెంట ఎదురుచూస్తాయి. ఆ ఎదురుచూపుల దారిలోనే ఈ ఊరుంది. ఆకలిమీదున్న ఎలుగు వాసన పట్టుకుని వీధిలోకి వచ్చేస్తుంది!

అందుకే చర్చిల్‌లో ఓ అలవాటుంది. చాలామంది ఇళ్లకూ కార్లకూ తాళం వేయరు. వీధిలో ఎవరికైనా ఎలుగు ఎదురుపడితే దగ్గర్లో ఏ తలుపు ఉంటే ఆ తలుపు తీసుకుని లోపలికి దూరిపోవచ్చు. ఎవరిల్లని అడగక్కర్లేదు. అక్టోబరు 31న హాలోవీన్ పండక్కి పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఊరి చుట్టూ కాపలా సిబ్బంది గస్తీ కాస్తారు.

ఒకప్పుడు ఊళ్లోకొచ్చిన ఎలుగును కాల్చేసేవారు. ఇప్పుడు ముందు పెద్ద శబ్దాలతో తరుముతారు. వినకపోతే బోనులోనో, మత్తుమందుతోనో పట్టి జైల్లో పెడతారు. అవును, జైలే! పాత సైనిక గోదాములో 28 గదులు కట్టారు. అక్కడ నీళ్లు పెడతారుగానీ తిండి పెట్టరు. పెడితే మనుషుల దగ్గర తిండి దొరుకుతుందని నేర్చుకుని మళ్లీ మళ్లీ వస్తుందని భయం. కొన్నాళ్లయ్యాక హెలికాప్టర్ కింద వలలో వేలాడదీసి, ఊరికి దూరంగా ఉత్తరాన దింపొస్తారు.

ఎలుగుతో రాజీ కుదిరింది. మంచుతో కుదరడం లేదు. 1980ల నాటికన్నా ఇప్పుడు అఖాతంలో మంచు లేని రోజులు మూడు నాలుగు వారాలు పెరిగాయి. అంటే ఎలుగుల పస్తులూ అంత పెరిగాయి. పశ్చిమ హడ్సన్ అఖాతంలో 1980ల్లో 1,200 దాకా ఉన్న ఎలుగులు 2016లో 842కు, 2021లో 618కి తగ్గిపోయాయని లెక్కలు చెబుతున్నాయి.

పాములకు సొరంగాలు

అదే రాష్ట్రంలో, విన్నిపెగ్‌కు ఉత్తరంగా రెండు గంటల్లోపు ప్రయాణంలో నార్సిస్ ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి మే మధ్య దాకా అక్కడికి వెళితే గుండె దిటవు చేసుకోవాలి. సున్నపురాయి నేలలో పడ్డ గుంతల నుంచి పాములు... ఒకటీ రెండూ పదీ వందా కాదు, వేలకు వేలు... ముద్దలు ముద్దలుగా బయటికొస్తాయి. ప్రపంచంలో ఒకేచోట ఇన్ని పాములు కనిపించేది ఇక్కడేనంటారు.

ఇవి గార్టర్ పాములు. నల్లటి ఒంటిమీద ఎర్రటి, పచ్చటి చారలుంటాయి. మనుషులకు ప్రమాదం లేదు. ఇక్కడి చలికి మామూలు పుట్టలో ఉంటే గడ్డకట్టి చచ్చిపోతాయి. సున్నపురాయి పగుళ్లలోంచి మంచు అందనంత లోతుకు దిగి వేలాదిగా ఒకదాన్నొకటి ఆనుకుని చలికాలమంతా నిద్రపోతాయి. మన దగ్గర నాగులచవితికి పుట్టలో పాలు పోసే వేళకు ఇక్కడి పాములన్నీ నేలకింద తలుపులేసుకుని పడుకుని ఉంటాయన్నమాట! వసంతం రాగానే మగపాములు ముందు లేచి ఆడపాము కోసం కాపుకాస్తాయి. ఒక్క ఆడపాము చుట్టూ డజన్లకొద్దీ మగపాములు చుట్టుకుని బంతిలా దొర్లుతుంటాయి. జత కట్టడం అయ్యాక చిత్తడి నేలల్లోకి వెళ్లి కప్పల్ని తింటూ వేసవి గడిపి, సెప్టెంబరులో మళ్లీ ఇవే బిలాలకు తిరిగొస్తాయి.

ఆ రాకపోకలకు అడ్డంగా 17వ నంబరు హైవే పడింది. ఏటా పదివేలకు పైగా పాములు టైర్ల కింద నలిగిపోయేవి. దానికితోడు 1999 ప్రాంతంలో తీవ్రమైన చలికి వేలాది పాములు బిలాల్లోనే చచ్చిపోయాయి. అప్పుడు మొదలైంది అసలు పని. రోడ్డు కింద సన్నటి సొరంగాలు వేశారు. పాములు రోడ్డెక్కకుండా అటు మళ్లించేందుకు పొట్టి కంచెలు కట్టారు. నెమ్మదిగా వెళ్లమని డ్రైవర్లకు బోర్డులు పెట్టారు. చావులు బాగా తగ్గాయి. పామును చూస్తే కర్ర వెతికే లోకంలో, పాముకు దారి కట్టిన ఊరిది.

సముద్రం తప్పుకునే వేళ

ఇక దేశాన్ని అడ్డంగా దాటి తూర్పుతీరానికి వెళదాం. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో, ఫండీ అఖాతం ఒడ్డున హోప్‌వెల్ రాక్స్ ఉన్నాయి. ఉదయం వెళితే, ఐదారంతస్తుల ఎత్తున, నెత్తిన చెట్లు మోస్తున్న రాతిస్తంభాల మధ్య సముద్రపు అడుగున నడుస్తారు. కాళ్ల కింద బురద, నాచు. మధ్యాహ్నం అదేచోటికి వస్తే ఆ రాళ్ల నెత్తులు మాత్రం నీళ్లపైన తేలుతుంటాయి. ఇందాక మీరు నడిచిన దారిలో పడవలు తిరుగుతుంటాయి!

ఈ అఖాతంలో ఆటుకీ పోటుకీ తేడా కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచంలో అతి ఎత్తయిన పోట్లకు పేరుపొందిన చోటిది. కారణం అఖాతం కొలత. ఉయ్యాల ఊగుతున్నప్పుడు సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే ఇంకా ఎత్తుకు వెళుతుంది కదా. ఈ అఖాతంలో నీరు ఒకసారి లోపలికెళ్లి వెనక్కి రావడానికి పట్టే సమయం, సముద్రంలో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య ఉండే పన్నెండున్నర గంటలకు దాదాపు సరిపోతుంది. అందుకే ప్రతి పోటూ ఉయ్యాలను మళ్లీ తోస్తున్నట్టే.

అయితే ఈ దారికి గడువుంది. ఆటు వేళకు కాస్త ముందూ వెనకా కొద్ది గంటలే కిందికి దిగనిస్తారు. నీరు మళ్లిందంటే మెట్లెక్కాల్సిందే. ఆ నీరే రాళ్లను రోజూ కొంచెం కొరుకుతోంది. ఏనుగు ఆకారంతో పేరుపడ్డ ఓ రాయిలో పెద్ద భాగం 2016 మార్చిలో కూలిపోయింది. చూసినవాళ్లకు ఫొటో మిగిలింది.

వచ్చి వెళ్లిపోయినవాళ్లు

మరింత తూర్పున సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద దీవి న్యూఫౌండ్‌లాండ్. దాని ఉత్తరపు కొసన లాన్స్ ఓ మెడోస్ అనే చిన్న మత్స్యకారుల పల్లె ఉంది. ఊరి పక్కన గడ్డి కప్పేసిన దిబ్బలుండేవి. పిల్లలు వాటిమీద ఆడుకునేవారు. 1960లో నార్వే నుంచి హెల్గె ఇంగ్‌స్టాడ్ అనే అన్వేషకుడు వచ్చి, ఇక్కడ పాత శిథిలాలేమైనా ఉన్నాయా అని అడిగితే జార్జ్ డెకర్ అనే స్థానికుడు ఈ దిబ్బల దగ్గరికి తీసుకెళ్లాడు. పురావస్తు నిపుణురాలైన హెల్గె భార్య ఆన్ స్టీన్ ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపించింది. కొలంబస్ కన్నా దాదాపు అయిదొందల ఏళ్ల ముందే వైకింగులు అమెరికా ఖండంలో అడుగుపెట్టారని రుజువైంది! ఇనుపమేకులు, కంచు పిన్ను, దారం వడికే కదురుబిళ్ల దొరికాయి. 1978లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇక్కడి కొయ్యముక్కల్ని వైకింగులు నరికింది క్రీ.శ. 1021లో అని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. 993లో సూర్యుడి మీద చెలరేగిన తుపాను చెట్ల వలయాల్లో ఓ గుర్తు వదిలింది. ఆ వలయం నుంచి బెరడు దాకా లెక్కపెడితే సంవత్సరం దొరికింది. మన నన్నయ భారతాన్ని తెలుగు చేసిన శతాబ్దమూ అదే.

వచ్చినవాళ్లు ఎక్కువకాలం ఉండలేదు. కొద్దిమంది, దూరదేశం, చుట్టూ అప్పటికే ఉన్న ఆదివాసులు. వాళ్లతో గొడవలు పడ్డారని నార్స్ గాథలు చెబుతాయి. సర్దుకోలేక పడవలెక్కి వెళ్లిపోయారు. దిబ్బలు మిగిలాయి.

6,600 మంది చుట్టాలు

అదే దీవిలో, మరికాస్త దక్షిణాన గ్యాండర్ అనే ఊరుంది. చూడ్డానికి అక్కడ జలపాతాలూ కొండలూ లేవు. ఉన్నదల్లా ఊరి స్థాయికి మించిన విమానాశ్రయం. 1938లో మొదలైంది. అట్లాంటిక్ దాటే పాతకాలపు విమానాలు ఇక్కడ ఆగి ఇంధనం నింపుకొనేవి. జెట్ విమానాలొచ్చాక ఆగాల్సిన పని తగ్గింది. లోకం గ్యాండర్‌ను మరిచిపోయింది.

2001 సెప్టెంబరు 11న మళ్లీ గుర్తుచేసుకుంది. న్యూయార్క్ జంట భవనాల మీద దాడి జరగ్గానే అమెరికా తన గగనతలాన్ని మూసేసింది. సముద్రం మీదున్న విమానాలకు దిగే చోటు లేదు. కెనడా 200కు పైగా విమానాలను దింపుకుంది. అందులో 38 గ్యాండర్‌లో దిగాయి. దాదాపు 6,600 మంది ప్రయాణికులు, సిబ్బంది. ఊరి జనాభా చూస్తే పదివేలు!

ఎవరు వస్తున్నారో తెలియదు. వాళ్లలో మరో దాడి చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనన్న భయం లోకమంతా ఉన్న రోజది. అయినా ఊరు లేచింది. సమ్మెలో ఉన్న స్కూలు బస్సుల డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి స్టీరింగ్ పట్టారు. బడులు, చర్చిలు, క్లబ్బులు పడకగదులయ్యాయి. చుట్టుపక్కల పల్లెలూ ప్రయాణికుల్ని పంచుకున్నాయి. ఇంటింటి నుంచి వచ్చిన వంటలు దాచడానికి చోటు చాలక హాకీ ఆడే మంచు మైదానాన్నే ఫ్రిజ్ చేసుకున్నారు. మందులు సామాన్లలో ఉండిపోయినవాళ్లకు దుకాణాలవాళ్లు దేశదేశాల డాక్టర్లకు ఫోన్లు చేసి మందులిచ్చారు. విమానాల అడుగున చిక్కుకున్న కుక్కలూ పిల్లులూ, రెండు బొనోబోలను కూడా మరిచిపోలేదు. భాష రానివాళ్లు, ప్రార్థన వేరైనవాళ్లు, తిండి వేరైనవాళ్లు... అయిదు రోజుల దాకా అందరూ ఆ ఊరికి చుట్టాలే. డబ్బిస్తామంటే తీసుకోలేదు. తిరిగి వెళ్తూ ఓ విమానంలోని ప్రయాణికులు అక్కడికక్కడే చందా వేసుకుని, తమకు ఆతిథ్యమిచ్చిన లూయిస్‌పోర్ట్ పిల్లల చదువుకు నిధి పెట్టారు. ఈ కథే నాటకమై 2017లో న్యూయార్క్ బ్రాడ్‌వేకు ఎక్కింది.

పడమటి తీరాన 1914లో, పెద్ద నగరం ముందు వందలమంది రెండు నెలలు ఓడలో నిలబడి ఎదురుచూశారు. తూర్పుతీరాన 2001లో, చిన్న ఊరు చుట్టుపక్కల పల్లెలతో కలిసి 6,600 మందికి పక్కలు వేసింది. రెండూ ఒకే దేశం. మధ్యలో గడిచింది 87 ఏళ్లు.

ఈసారి అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్లినప్పుడు నయాగరా చూడండి. తప్పకుండా చూడండి. అన్నిచోట్లకూ వెళ్లడం కుదరకపోయినా ఫర్వాలేదు. పటం ముందేసుకుని మనవడికో మనవరాలికో వీటిలో ఒక్క ఊరి కథయినా చెప్పండి. తాళం వేయని తలుపుల ఊరి కథతో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది!